అమ్మువాడే తూచిన తూకము

గత బతుకమ్మ పండుగకు ముందు మా బంధువులలోని ఒక అమ్మాయి, తాను పాడిన పాటల వీడియోను నలుగురు వినవలెనని, చీరకై దాచుకొన్న రెండు వేల రూపాయలు వెచ్చించి ఒక సామాజిక మాధ్యమములో ప్రకటన వేయించినది. వారము తిరుగకముందే వందలకొలది క్లిక్కులు వచ్చినవని లెక్క చూపిరి. ఇంటిల్లిపాదియు సంతోషించిరి. కాని పాటను కడవరకు విన్నవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే. "మన పాటలు ఎవరికి కావాలె, పెద్దనాన్నా?" అని ఆ పిల్ల అడిగినది. పోయిన సొమ్ముకంటె ఆ ప్రశ్నయే నన్ను ఎక్కువగా బాధించినది. పాటలో లోపమున్నదని ఆ లెక్కనుబట్టి తీర్మానింపరాదని ఆమెకు చెప్పితిని. అదియే ఇచట విన్నవించుచున్నాను.

క్లిక్కు అనగా శ్రోత రాక అని మనము తలచుచున్నాము. అది సరి కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాములను నడుపు మెటా సంస్థవారి పట్టికలో 'అన్ని క్లిక్కులు' అను అంకె యొకటి కలదు. లైకు కొట్టినను, వ్యాఖ్య వ్రాసినను, మిగిలిన వాక్యము చదువుటకు నొక్కినను, పేరు మీద వ్రేలు పెట్టినను అందులో చేరును. ప్రకటనలోని లింకును నొక్కినవారి అంకె వేరు. నొక్కిన పిదప పుట తెరచుకొనువరకు నిలిచినవారి అంకె ఇంకొకటి. ఈ మూడింటిలో మొదటిది పెద్దది. మనకు పనికివచ్చునది కడపటిది. తెర జరుపుచుండగా పొరపాటున తగిలిన వ్రేలు కూడ క్లిక్కే. ఇతరుల యాప్‌లలో తాను చూపు ప్రకటనలను నొక్కి, రెండు సెకండ్ల లోపల వెనుకకు మరలినవారి క్లిక్కులకు సొమ్ము తీసికొనమని 2017లో ఫేస్‌బుక్ సంస్థయే ప్రకటింపవలసి వచ్చినది.

యూట్యూబు మాట మరింత ఆలోచింపదగినది. అచట పెద్ద వీడియోలపై ప్రకటనల ఆదాయములో భాగము పొందుటకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లును, 12 నెలలలో 4,000 గంటల వీక్షణమును ఉండవలెను. సొమ్మిచ్చి ప్రకటనగా చూపించుకొన్న గంటలు ఆ 4,000లో చేరవు. అనగా సంస్థ సొమ్ము పుచ్చుకొనునప్పుడు లెక్కకు వచ్చిన చూపు, సొమ్ము ఇయ్యవలసినప్పుడు లెక్కకు రాదు. నియమము న్యాయమైనదే కావచ్చును. కాని కొన్న చూపునకును వచ్చిన చూపునకును గల భేదము ఆ సంస్థకు బాగుగా తెలియును. తెలియనివారము మనమే.

మన మోంఢాలో ధాన్యము తూచునప్పుడు కాటాకు సర్కారు ముద్ర ఉన్నదా లేదా అని రైతు చూచును. ఇచట అమ్మువాడే తూచును, తూకపు చీటీయు వాడే వ్రాయును. 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్ సంస్థ, వీడియోల సగటు వీక్షణ కాలమును తాము రెండేండ్లుగా ఎక్కువచేసి చూపితిమని ఒప్పుకొనెను. మూడు సెకండ్లకంటె తక్కువ చూచినవారిని లెక్కనుండి విడిచిపెట్టుటయే అందులకు కారణము. ప్రకటనదారులు వేసిన దావా 2019లో 4 కోట్ల డాలర్లకు రాజీ అయినది. తప్పు చేసితిమని మాత్రము సంస్థ అంగీకరింపలేదు. అచటి వ్యాపారులు దావా వేయగలిగిరి. రెండు వేల రూపాయల ప్రకటనదారుడు ఎచటికి పోగలడు?

పత్రికల విషయములో ఈ చిక్కును మన దేశము ఎన్నడో గుర్తించినది. పత్రికల ప్రతుల సంఖ్యను వెలుపలి ఆడిటర్లచే తనిఖీ చేయించుటకు 1948లో ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఏర్పడినది. చిన్న ప్రకటనదారునకును అట్టి తనిఖీ ఫలము అందవలెనని కోరుట అత్యాశ కాదు.

మనకు మరియొక చిక్కు కలదు. నాందేడులో మన ఇండ్లలో ఫోను భాష తరచు మరాఠీయో, ఆంగ్లమో, హిందీయో అయి ఉండును. తెలుగు వారికి మాత్రమే అని భాషనుబట్టి వేసిన ప్రకటన పొరుగింటి తెలుగు వానికే చేరకపోవచ్చును. అప్పుడు మన ఊరిలో తెలుగు వినువారే లేరని ఆ పట్టిక పలుకును. ఆ మాటను మన పిల్లలు నమ్మిన, పాడుట మానివేయుదురు. ఇది రెండు వేల రూపాయల నష్టము కాదు.

ప్రకటన వలదని నేననను. 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీత సభలలో దానిని ఉచితముగా పంచిపెట్టిరని ప్రసిద్ధి. కాని ఉచితముగా చేయి చాచినవారి లెక్కతో ఏ వ్యాపారమును నిలువదు. అంగడికి వచ్చి మరల అడిగినవారివలననే నిలుచును. మన పిల్లలకు కూడ ఆ లెక్కయే నేర్పుదము. సొమ్ము పెట్టుటకు ముందు ఏ క్లిక్కునకు వెల ఇచ్చుచున్నామో అడుగవలెను. ప్రకటనలో ఒక గుర్తు మాట చేర్చి, దానిని చెప్పి వచ్చినవారిని మనమే నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. మొదట కొద్ది సొమ్ముతో పరీక్షింపవలెను.

అన్నిటికి మించి, మన సంఘములోని ప్రతి కుటుంబమును ఒక్కొక్క పాటను కడవరకు విని, నచ్చినచో ఇంకొక ఇంటికి పంపవలెను. ఆ రాకకు వెల లేదు. ఆ లెక్కలో అబద్ధమును లేదు.