కుక్క సినిమాకు పసివాళ్ళు

డిసెంబరు సెలవులు వచ్చేసరికి కోల్‌కతా గృహస్థులకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. పార్క్ స్ట్రీట్ దీపాలంకరణ చూడడానికి ఏ సాయంత్రం వెళ్ళాలి? పిల్లలను ఏ సినిమాకు తీసికొనిపోవాలి? మొదటిది సులభం. రెండవదాని విషయంలో, పోస్టరు మీద నాలుక వ్రేలాడదీసిన కుక్కపిల్ల కనబడితే చాలు, పెద్దలు ఆలోచించడం మానివేస్తారు. కుక్క, కుటుంబం, హాస్యం. ఇంకేమి కావాలి?

నాలుగేళ్ళ పసివానికి ఇంకా కొంత కావాలి.

2008 క్రిస్మస్‌నాడు అమెరికాలో విడుదలైన 'మార్లీ అండ్ మీ' చిత్రాన్నే తీసికొండి. జాన్ గ్రోగన్ అనే పాత్రికేయుడు తన లాబ్రడార్ కుక్కను గురించి వ్రాసిన పుస్తకం దానికి ఆధారం. ఆ కుక్క ఇల్లు పీకి పందిరి వేస్తూంటే హాలంతా నవ్వులు. చివరి ఘట్టంలో అదే కుక్క ముసలిదై, జబ్బుపడి, పశువైద్యుని సూదిమందుతో కన్నుమూస్తుంది. చిత్రంలో అసత్యమేమీ లేదు; కుక్క ఆయుస్సు మనిషి ఆయుస్సుకంటె చాలా తక్కువ. కాని నవ్వడానికని వచ్చిన పసివాడు ఆ చీకటిలో, ఏ హెచ్చరికా లేకుండా, ఆ నిజాన్ని ఎదుర్కొనవలసి వస్తుంది. కన్నడంలో తయారై 2022లో తెలుగులోకి కూడా వచ్చిన '777 చార్లీ'లోనూ కుక్కకు ప్రాణాంతక వ్యాధే.

1992 నాటి 'బీథోవెన్' సంగతి వేరు. అందులోని సెయింట్ బెర్నార్డ్ కుక్క క్షేమంగా ఇల్లు చేరుతుంది. అయితే కుక్కల మీద తూటాలను పరీక్షించాలని చూచే పశువైద్యుడొకడు ఉన్నాడు. పెద్దలకు వాడు ఉత్త హాస్యపాత్ర. పసివానికి ఆ ముఖం, ఆ తుపాకీ నిద్రలోకి కూడా వస్తాయి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోవన్ కాంటర్ పిల్లల భయాలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. బడి ఈడు రాని పిల్లలు కథలోని తర్కాన్ని బట్టి కాక, కంటికి కనబడే రూపాన్ని బట్టి భయపడతారని ఆమె గ్రహించారు. టెలివిజన్‌లో 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' మంచివాడు, ఆదుకోవడానికి వచ్చినవాడు. అయినా చిన్నపిల్లలు బెదిరినది అతనిని చూచే.

సెన్సారు ధ్రువపత్రం ఉన్నది కదా అంటారు. 1983లో 'యుఎ' తరగతి వచ్చింది; 2023 చట్ట సవరణతో అది 7, 13, 16 ఏళ్ళ మెట్లుగా విడిపోయింది. మేలైన మార్పే. కాని ఏ అక్షరమూ చివరకు కుక్క బ్రతుకుతుందో లేదో చెప్పదు. ఆ మాట చూచివచ్చినవారిని అడిగి తెలిసికోవలసినదే. తెలిసినది పిల్లవానికి ముందే చెప్పడం మంచిది. ముగింపు తెలిస్తే రసభంగమని పెద్దలు అనుకుంటారు. ఒకే కథను పదిసార్లు చెప్పించుకొనే పసివాళ్ళకు ఆ బాధ లేదు. నడవ ప్రక్క సీటు తీసికొంటే మధ్యలో లేచి రావడమూ సులభం.

సినిమా ముగిసిన తరువాతి సంగతి ఇంకా ముఖ్యం. మరుసటి ఆదివారమే బాగ్‌బజార్ దగ్గరి గాలిఫ్ స్ట్రీట్ సంతకు పోదామని పిల్లవాడు మారాం చేస్తాడు. 1996లో '101 డాల్మేషియన్స్' వచ్చిన తరువాత అమెరికాలో మోజుపడి కొన్న చుక్కల కుక్కలనెన్నిటినో శరణాలయాలలో వదిలిపెట్టారు. మంచుకొండల సెయింట్ బెర్నార్డ్‌కు కోల్‌కతా జ్యేష్ఠమాసపు ఉక్క నరకమే. ఇక సందులోని కుక్క సినిమాలోవలె తర్ఫీదు పొందినది కాదు. తింటున్నప్పుడు, పిల్లలకు పాలిస్తున్నప్పుడు దానిని వాటేసుకోరాదని పసివానికి చెప్పాలి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటిలో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా టీకాకు తీసికొనిపోవాలి.

సినిమా వద్దనుకొన్న ఇంటికి కలకత్తాలోనే చక్కని కుక్క కథ పుట్టి ఉన్నది. సత్యజిత్ రాయ్ వ్రాసిన 'అసమంజ బాబు కుక్క'లో భవానీపూర్ గుమాస్తా పెంచుకొన్న బ్రౌనీ నవ్వుతుంది, నిజంగానే. ధనవంతుడైన అమెరికన్ ఒకడు చెక్కుబుక్కుతో దానిని కొనబోతే అప్పుడూ నవ్వుతుంది. ఆరేళ్ళవాడు నవ్వే కుక్కను చూచి నవ్వుతాడు. అది ఎందుకు నవ్విందో పదేళ్ళవానికి బోధపడుతుంది.