రెండేళ్ల నేల, పదకొండు నెలల కౌలు



పై వీడియో చూసినవాళ్లు ఆ మిరప చేను ఎలా ఉందో గమనించే ఉంటారు. పెదకాకాని దగ్గర ఎకరంన్నర. నారు బీజామృతంలో ముంచి నాటారు. పదిహేను రోజులకోసారి జీవామృతం పారించారు. చుట్టూ జొన్న, మధ్యలో బంతి. వీడియో చివర్లో ఆ రైతు ఒక ప్రశ్న అడిగారు: "ఇంతా చేశాక, నా కాయల సంచి మీద ఆర్గానిక్ అని రాసుకోవచ్చా అండీ?" రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 2017లో ఎఫ్ఎస్ఎస్ఏఐ సేంద్రియ ఆహార నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం సేంద్రియం అని చెప్పి అమ్మాలంటే రెండు దారులు. ఒకటి ఎన్‌పీఓపీ. బయటి సంస్థ వచ్చి తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తుంది, ఎగుమతికి ఇదే కావాలి. రెండోది పీజీఎస్ ఇండియా. ఒకే ఊళ్లోనో పక్క ఊళ్లలోనో కనీసం ఐదుగురు రైతులు గుంపుగా చేరి, ఒకరి పొలం ఒకరు చూసి హామీ ఇచ్చుకుంటారు. ఇవి కాక చిన్న రైతుకి ఒక వెసులుబాటు ఉంది. ఏడాది అమ్మకం 12 లక్షల రూపాయలు దాటకుండా, తినేవాళ్లకే నేరుగా అమ్ముకుంటే సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ జైవిక్ భారత్ గుర్తు మాత్రం వేసుకోకూడదు.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

సర్టిఫికెట్ చూసేది రైతుని కాదు, నేలని. మిరప, పత్తి లాంటి ఏడాది పంటలకి విత్తడానికి ముందు రెండేళ్లు, తోటలకి మూడేళ్లు ఆ నేలలో రసాయనం పడకూడదు. ఆ నియమంలో తప్పేమీ లేదు. నిన్నటిదాకా మందులు తాగిన నేల ఇవాళ ఒక్క డ్రమ్ము జీవామృతంతో మారిపోదని మనకే బాగా తెలుసు.

మరి మన గుంటూరు, ప్రకాశం వైపు పొలం చేసేది ఎవరు? చాలా ఊళ్లలో కౌలు రైతే. వీడియోలో ఉన్నాయనదీ కౌలే. ఆయన చేతిలో ఉన్న కాగితం గడువు ఎంత? 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం పదకొండు నెలలకే. దానికీ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే ఉన్న కౌలూ పోతుందేమోనని రైతు భయం. 2011లో రుణ అర్హత కార్డులు ఇచ్చారు, 2019లో సీసీఆర్‌సీ కార్డులు వచ్చాయి. కార్డు పేరు మారింది గానీ రైతు కాలు ఆ నేల మీద నిలబడే గడువు పెరగలేదు.

అంటే ఒక చట్టం ఇరవై నాలుగు నెలలు అడుగుతోంది, ఇంకో చట్టం పదకొండు నెలలు ఇస్తోంది. మధ్యలో కౌలు రైతు. రెండేళ్లు నవధాన్యాలు చల్లి, ఘనజీవామృతం వేసి, నేలలో వానపాములు తిరిగేలా చేస్తాడు. మూడో ఏడు నేల బాగుపడిందని కౌలు పెంచుతారు, లేకపోతే వేరేవాళ్లకి ఇస్తారు. కష్టం ఈయనది, అర్హత ఆ పొలంతో పోయింది. కొత్త చేలో మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క.

సర్టిఫికెట్ లేకపోతే నష్టమేంటి అంటారా? గుంటూరు యార్డుకి టిక్కీలు తీసుకెళ్లి చూడండి. కొనేవాళ్లు రంగు చూస్తారు, తేమ చూస్తారు, తాలు ఎంతుందో చూస్తారు. ఎలా పండించావని అడిగేవాళ్లు ఉండరు. 1966 మార్కెట్ల చట్టం జాబితాలో మిరప ఉంది గానీ, మందు కొట్టిన మిరప వేరు, కొట్టని మిరప వేరు అని లేదు. ఆ తేడా చెప్పగలిగేది ఆ సర్టిఫికెట్ ఒక్కటే.

నియమాలు సడలిస్తే దొంగ ఆర్గానిక్ పెరుగుతుందని కొందరంటారు. నిజమే, అందుకే సడలించమని నేను అడగను. రెండేళ్లు రెండేళ్లే ఉండనివ్వండి. అడిగేది మూడు పనులు.

ఒకటి, ప్రకృతి సాగు చేస్తానని ముందుకొచ్చిన కౌలు రైతుకి కనీసం మూడేళ్ల ఒప్పందం చట్టంలోనే పెట్టాలి. యజమాని హక్కుకి ఏ ఢోకా లేదని అందులోనే స్పష్టంగా రాయాలి.

రెండు, ఈ-పంట నమోదులో సర్వే నంబరు వారీగా సాగు పద్ధతి కూడా ఏటా ఎక్కించి, ఆ రికార్డుని ధ్రువీకరణలో లెక్కలోకి తీసుకోవాలి. రైతు మారినా నేల చరిత్ర మాసిపోకూడదు.

మూడు, 2024 నవంబరులో కేంద్రం 2,481 కోట్లతో జాతీయ ప్రకృతి సాగు మిషన్ ఆమోదించింది. సులువైన ధ్రువీకరణ ఇస్తామని అందులో చెప్పారు. ఆ సులువు భూమి ఉన్నవాళ్లకే కాకుండా కౌలు రైతుకీ అందాలి. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఊరూరా ప్రకృతి సాగు నడిపిస్తున్న రాష్ట్రం మనది. ఈ మాట ముందు మన రాష్ట్రమే అడగాలి.

అంతవరకు మనం చేయగలిగింది కూడా ఉంది. కౌలు మాట్లాడుకునేటప్పుడే మూడేళ్లకి అడగండి. నేల బాగుపడితే లాభం ఆయనకీ ఉందని యజమానిని పొలంలోకి తీసుకెళ్లి మట్టి చూపించి చెప్పండి. పక్క రైతులతో కలిసి ఐదుగురు పీజీఎస్ గుంపు కట్టండి. ఏ రోజు ఏం పారించారో, ఏం పిచికారీ చేశారో నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

ఇక ఆ రైతు ప్రశ్నకి నా జవాబు. మీకు ఈ పొలంలో ఇది రెండో ఏడు. సంచి మీద ఆర్గానిక్ అని రాయకండి. "మందు కొట్టకుండా పండించాం, వచ్చి చేను చూసుకోండి" అని కొనేవాళ్లకి నేరుగా చెప్పి అమ్మండి. వచ్చే ఏడు కూడా మీరు ఆ చేలోనే ఉంటే చాలు, ఆ మాట రాసుకునే రోజు వస్తుంది. ఉండనిస్తారా లేదా అన్నది మాత్రం మీ చేతిలో లేదు. అందుకే చట్టం మారాలని అంటున్నాను.