బండి ఆపించే ఊళ్లు

విశాఖపట్నం–రాజమండ్రి రోడ్డు మీద ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. అప్పట్లో అది 5వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 16. రోడ్డు నాలుగు లైన్లయి ఊళ్లకు బైపాస్‌లు పడ్డాక, బస్సు ఆగీ ఆగకముందే కిటికీల కింద చేరే జామకాయల బుట్టలూ వేరుశెనగ పొట్లాలూ ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి. అందుకే మా అల్లుడు "మావయ్య గారూ, కాన్సస్ నుంచి సౌత్ డకోటా దాకా కారులో పల్లెలు చూపిస్తాను" అన్నప్పుడు నా మనసులో మెదిలింది ఒకటే. పెద్దరోడ్డు పక్కకు తప్పుకున్నాక అక్కడి ఊరు ఏం చేసింది?

అమెరికాలో 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ రహదారులు మొదలయ్యాయి. మన పల్లెలకు నిన్నమొన్న తగిలిన దెబ్బ వాళ్లకు మనకన్నా చాలా ముందే తగిలింది.

కాన్సస్‌లో కాకర్ సిటీ అని ఒక ఊరుంది. పేరుకు సిటీయే గానీ ఇప్పుడు 500 మంది కూడా లేరు. 1953లో ఫ్రాంక్ స్టోబర్ అనే రైతు, గడ్డిమోపులు కట్టగా మిగిలిన కిత్తనార పురికొస ముక్కల్ని పారేయకుండా ఉండగా చుట్టడం మొదలుపెట్టాడు. 1961లో ఆ ఉండను ఊరికిచ్చేశాడు. 1974లో ఆయన పోయినా ఊరు చుట్టడం మానలేదు. రోడ్డు పక్కన కప్పు కింద ఉన్న ఆ ఉండ ఇప్పుడు 9 టన్నులు దాటింది. ఏటా ఆగస్టులో ఊరంతా చేరి చుడతారు. దారినపోయేవాళ్లు కూడా చుట్టొచ్చు. మా అమ్మాయి కొస పట్టుకుంటే నేను ఉండ చుట్టూ తిరిగాను. మూతబడ్డ దుకాణాల అద్దాల్లో పేరుమోసిన చిత్రాలను మళ్లీ గీసి పెట్టారు. మోనాలిసా చేతిలోనూ పురికొస ఉండే! ఆ ఉండ వల్ల వలసలేమీ ఆగలేదు. కానీ ఆ ఊరికి ఒక పని ఉంది, ఆ పనిలో వచ్చినవాడి చెయ్యీ పడుతుంది.

మన దగ్గర ఊరికి గుర్తింపు తెచ్చే పని కాంట్రాక్టుకిస్తున్నాం. ఊరి పేరును పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో నిలబెట్టి, ముందు ఎర్ర గుండె బొమ్మ పెడతారు. ఏ ఊరికెళ్లినా అదే అచ్చు. ఏడాది తిరిగేసరికి లైట్లు పోతాయి. అందులో ఆ ఊరి మనిషి చెయ్యి పడలేదు కాబట్టి, పాడైనా ఎవరికీ బాధ లేదు.

నెబ్రాస్కాలోని అలయన్స్ దగ్గర నేను చాలాసేపు కదల్లేకపోయాను. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ రాళ్ల వలయం కొలతలు చూసుకుని, జిమ్ రైండర్స్ అనే ఇంజనీరు 39 పాత కార్లతో అలాంటి వలయం కట్టాడు. 1987 జూన్‌లో బంధువులంతా కలిసి కొన్ని కార్లను గోతుల్లో నిలువునా పాతారు, మరికొన్నిటిని వాటిమీద అడ్డంగా ఎత్తారు, అన్నిటికీ రాతిరంగు పూశారు. ఒకప్పుడు తండ్రి బతికిన పొలంలో తండ్రి జ్ఞాపకార్థం చేసిన పని అది. తుక్కుగుట్ట, తీసేయమన్నారు ఊరివాళ్లు. కొందరు మాత్రం సంఘంగా ఏర్పడి కాపాడుకున్నారు. 2013లో అది పట్టణం ఆస్తి అయింది. నేను నడిపిన బస్సును తుక్కుకింద వేలం వేసిన రోజు నాకు అన్నం సయించలేదు. పనైపోయిన బండిని ఇంత గౌరవంగా నిలబెట్టవచ్చని ఎవరికి తట్టింది!

కాన్సస్‌లోనే ఉన్న లూకస్ గురించి మరీ చెప్పాలి. అక్కడ శామ్యూల్ డిన్స్‌మూర్ 1907 నుంచి ఏళ్ల తరబడి సిమెంటుతో కట్టిన బొమ్మల తోట ఉంది. జనం దానికోసమే వస్తారు. వచ్చినవాళ్లకు మరుగుదొడ్డి కావాలి కదా. ఊళ్లోవాళ్లూ కళాకారులూ కలిసి, పగిలిన పింగాణీ ముక్కలూ పిల్లల ఆటబొమ్మలూ గోడలకు పొదిగి, అచ్చం కమోడ్ ఆకారంలోనే ప్రజా మరుగుదొడ్డి కట్టి 2012లో తెరిచారు. శుభ్రంగా ఉంది. మన బస్సుల్లో ఆడవాళ్లు మంచినీళ్లు కూడా తాగకుండా గంటల తరబడి బిగబట్టుకుని కూర్చోవడం నా సర్వీసంతా అద్దంలో చూశాను. నాకు ఆ ఊరిమీద గౌరవం కలిగింది ఇందుకే.

సౌత్ డకోటాలో మిచెల్ పట్టణంవాళ్లు ఒక పెద్ద భవనం గోడలకు రంగురంగుల మొక్కజొన్న కండెలతో బొమ్మలు కడతారు. 1892 నుంచీ ఉన్న సంప్రదాయం. బాగుంది. కానీ అదే రాష్ట్రంలోని వాల్ కథే మనకు ఎక్కువ పనికొస్తుంది. 1931లో హస్టెడ్ దంపతులు అక్కడ మందుల షాపు కొన్నారు. ఏళ్లు గడిచినా బేరాల్లేవు. 1936 వేసవిలో ఆ ఇల్లాలు డొరొతీకి ఒక ఆలోచన వచ్చింది. ఎండలో పోయేవాళ్లకు చల్లటి నీళ్లు ఉచితమని రోడ్డు వెంట బోర్డులు పాతించారు. కార్లు ఆగాయి. ఇప్పటికీ అక్కడ ఐసు నీళ్లు ఉచితం, కాఫీ 5 సెంట్లు. ఎన్నో మైళ్ల ముందు నుంచే బోర్డులు పలకరిస్తాయి.

చలివేంద్రం మనకు కొత్తా? దాహం తీర్చడం మనకు పుణ్యం, దాన్ని అమ్ముకోమనను. ఆగిన బండిలోంచి దిగినవాడు నీళ్లు తాగి ఊరికే వెళ్లడని మాత్రం డ్రైవరుగా నాకు తెలుసు. జామకాయ కొంటాడు, పిల్లవాడికి బొమ్మ కొంటాడు. అన్నవరంలో కొండెక్కే తీరిక లేనివాళ్లు కూడా హైవే మీద ప్రసాదం కోసం ఆగుతారు. ఆ దారిలోనే, కాస్త లోపలికెళితే ఏటికొప్పాక ఉంది. లేత్ మీద తిరిగే అంకుడు కర్రకు లక్క పట్టిస్తుంటే చూడాలి. ఓ బొంగరానికి తానే రంగు పట్టించుకునే వీలుంటే, ఏ పిల్లవాడు తండ్రి చేత బండి ఆపించకుండా ఉంటాడు?

ప్రభుత్వాన్ని అడిగేది ఎక్కువేం కాదు. బైపాస్ చీలే ప్రతిచోటా ఆ ఊరి పంచాయతీకి కొంత జాగా ఇవ్వండి. అక్కడ తాగునీరు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, బస్సు నిలిపే చోటు ఉండాలి. లోపల ఏం చూడొచ్చో, ఎంత దూరమో తెలుగులో పెద్ద బోర్డు రాయించండి. బోర్డు మీద ఏం రాయాలన్నది మాత్రం కాంట్రాక్టరు కాదు, గ్రామసభ తేల్చాలి.