గాజుపెట్టెలో పిలకలు

చిన్న గాజుపెట్టెలో నాచు, ఫెర్న్ మొక్కలతో పాటు బ్రొమీలియాడ్‌లను పెంచే ముచ్చట ఇప్పుడు మన ఇళ్ళలోనూ కనిపిస్తున్నది. తెచ్చిననాడు అరచేతిలో ఇమిడిన మొక్క కొంతకాలానికి పెట్టెనంతా ఆక్రమిస్తుంది. ఆకులు గాజుకు ఆనుతాయి. అడుగునున్న నాచుకు వెలుతురు అందదు. అప్పుడు చాలామంది కత్తెర అందుకుంటారు. అది తగిన ఉపాయం కాదని మనవి చేస్తున్నాము.

ఈ మొక్క అనాస కుటుంబానికి చెందినది. కొత్త ఆకులు నడిమి నుండే వస్తాయి. కత్తిరించిన ఆకు కొన మరల పెరగదు. కోసిన అంచు ఎండి గోధుమరంగుతో మిగిలిపోతుంది. మన అరటిని గమనించండి. ఒకసారి గెల వేసి, ప్రక్కన పిలకలను విడిచి తల్లిచెట్టు ముగిసిపోతుంది. బ్రొమీలియాడ్ కూడా సాధారణంగా ఒకేసారి పూచి, పిలకలు పెట్టి, నెలల తరబడి మెల్లగా ఎండిపోతుంది. కనుక పెట్టె ఇరుకైనదంటే మొక్క చెడినదని కాదు, విడదీయవలసిన వేళ వచ్చినదని అర్థం.

పిలక తల్లిమొక్కలో కనీసం మూడవ వంతు పెరిగేవరకు ఆగాలి. శుభ్రపరచిన పదునైన కత్తితో తల్లి మొదలుకు దగ్గరగా కోసి, గాయం ఆరడానికి ఒక రోజు నీడలో ఉంచాలి. బ్రెజిల్ అడవులలో నియోరెగేలియా జాతులు ఎక్కువగా చెట్టుకొమ్మలను పట్టుకొని పెరుగుతాయి. వాటి వేళ్ళకు పట్టు నిలుపుకోవడమే ముఖ్యమైన పని. అందుచేత వాటిని లోతుగా పాతరాదు, మొదలు కుళ్ళుతుంది. బెరడు ముక్కకు నైలాన్ దారంతో కడితే చాలును. రాగితీగ వాడరాదు, రాగి ఈ మొక్కలకు విషతుల్యం. నేలమీద పెరిగే క్రిప్టాంతస్‌ను మాత్రం నీరు నిలువని గుల్ల మట్టిలో పైపైన నాటాలి.

పెట్టెలోని మొక్కకు ఎరువు వేయవద్దు. వెలుతురు చాలకపోతే ఆకులు పొడవుగా సాగి రంగు కోల్పోతాయి. అట్లని నేరుగా ఎండలో పెడితే గాజు లోపలి వేడికి మొక్క మాడిపోతుంది. కిటికీ ప్రక్కన, ఎండ తగలని వెలుతురు మేలు. పూర్తిగా ఎండిన తల్లిమొక్కను తీసివేయడానికి మనసొప్పకపోయినా తీయవలసినదే. మూసిన పెట్టెలో అది కుళ్ళితే బూజు మిగతావాటికీ పాకుతుంది.

మిగిలిన పిలకలను వరండాలో ఉంచేవారు ఒక విషయం మరువరాదు. ఆకుల నడుమ గిన్నెవలె నిలిచే నీటిలో డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టగలదు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలును. కావున వారానికి రెండు పర్యాయాలు ఆ నీటిని వంపి, కొత్తనీరు పోయాలి. చిన్నపిల్లలున్న ఇంట ఈ పని ఒక్కసారి కూడా వాయిదా వేయరాదు.

మీ అవసరానికి మించిన పిలకలను పొరుగువారికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఈ నీటి సంగతి కూడా తప్పక చెప్పండి.