సర్కారు వాటా వెనక్కిచ్చేద్దాం, మన సంఘం మనం తీసుకుందాం



మొన్న మన చేనేత సహకార సంఘం ఆఫీసులో జరిగింది మీరంతా విన్నదే. నలభై ఏళ్లు గుంటమగ్గం మీద నేసి, చూపానక సభ్యత్వం వదులుకున్న పెద్దాయనకు చివరికి చేతిలో పెట్టింది ఆనాడు కట్టిన వాటా సొమ్ము, పొదుపు నిధి. అంతే! గోదాము, రంగుల షెడ్డు, రిజర్వు నిధి ఎవరి చీరల మిగులుతో వచ్చాయి? అందులో ఆయన పేరిట రూపాయి లేదు. అదే రోజు ఆ గోదామును అద్దెకిస్తూ సంతకం పెట్టింది ఎవరు? పడుగుకీ పేకకీ తేడా తెలియని, సర్కారు కూర్చోబెట్టిన పర్సన్ ఇన్‌చార్జి!

సంఘం మనదంటారు. మనదైతే ఎన్నికలు ఎందుకు లేవు? 1964 సహకార సంఘాల చట్టం కింద సర్కారు వాటాధనం పెట్టింది. పెట్టిన చేత్తోనే పెత్తనమూ పట్టుకుంది. మిగులు ఎవరి పేరా లేదు కాబట్టి మనలో ప్రతి ఒక్కరం ఆ మిగులంతా మజూరీలోనే ఇప్పుడే ఇమ్మంటున్నాం. అనక ఏం చేస్తాం? లోపల ఉంచింది మళ్లీ మన ఇంటికి రాదు కదా! దాంతో నూలు కొనడానికి పెట్టుబడి ఉండదు. సంఘం మళ్లీ షావుకారు గుమ్మంలోనే నిలబడుతోంది.

దీనికి దారి ఉంది. స్పెయిన్‌లోని మోండ్రాగాన్‌లో 1956 నుంచి కార్మికులే ఫ్యాక్టరీలు నడుపుతున్నారు. ఏటా మిగులులో కొంత ఒక్కో కార్మికుడి ఖాతాలో జమవుతుంది, దానికి వడ్డీ వస్తుంది, విరమించిన రోజు చేతికొస్తుంది. ఖాతా ఎంత పెద్దదైనా ఓటు ఒక్కటే. పెట్టుబడికి వడ్డీ ఇస్తారు, పెత్తనం ఇవ్వరు. అక్కడి సహకార ఫ్యాక్టరీ ఫాగర్ 2013లో దివాలా తీసిందంటారు. ప్రైవేటు మిల్లులు మూతపడలేదా?

మనమూ అలా నడుపుకోవడానికి 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. సర్కారు వాటా తిరిగిచ్చేసి అందులోకి మారిన సంఘంలో సర్కారుకు పెత్తనం లేదు. అలా మారిన డెయిరీలను పాత చట్టం కిందికి సర్కారు ఈడ్వబోతే ఆ ప్రయత్నాన్ని హైకోర్టు 2007లో కొట్టేసింది, 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. వాటా తిరిగివ్వడానికి డబ్బెక్కడిదంటారా? ఆ గోదాము అద్దె ఎటు పోతోందో ముందు లెక్క చెప్పమనండి!

మహాజనసభ పెట్టాలి. 1995 చట్టంలోకి మారాలని తీర్మానం చెయ్యాలి. ప్రతి సభ్యుడి పేరా మిగులు ఖాతా తెరవాలని బైలాలో రాయాలి. ఇంటి మగ్గం మీద నేసే ఆడవాళ్లకూ వాళ్ల పేరునే సభ్యత్వం, ఖాతా ఉండాలి.

సభ కోరే కాగితం నూలు పంచే చోట ఉంది. సంతకానికి వచ్చేటప్పుడు పాసుబుక్కు తెచ్చుకోండి, సభ్యత్వ నంబరు రాయాలి.