కరువులో తవ్విన కాలువ

 

మేముండే మఫ్రఖ్ పేరుకు అరబ్బీలో దారులు చీలే చోటు అని అర్థం. మన మాటలో కూడలి అనుకోండి. దుబాయికీ, అల్ ఐన్‌కూ, పడమటన సౌదీ సరిహద్దుకూ వెళ్లే దారులు ఇక్కడే కలుస్తాయి. పక్కనే ముసఫ్ఫా వర్క్‌షాపులు, కార్మికుల వసతి గృహాలు. 2019 చివర్లో షేక్ షఖ్‌బూత్ మెడికల్ సిటీకి మారేదాకా పేరున్న మఫ్రఖ్ హాస్పిటల్ కూడా ఇక్కడే ఉండేది. అందుకేనేమో, ఇక్కడ పాస్టర్‌గా పనిచేసేవారికి మనుషుల కష్టాలు చాలా దగ్గరగా కనబడతాయి.

అలాంటి పాస్టర్ గారొకరు నాకు పరిచయం. మన గోదావరి జిల్లాల వారే. వారమంతా స్టోర్ కీపర్‌గా ఉద్యోగం చేస్తారు, ఆదివారం తెలుగువారికి ప్రార్థన నడుపుతారు. (పిల్లలూ, ఇక్కడ 2022 జనవరిలో వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారింది. అంతకుముందు గల్ఫ్‌లో చాలా చర్చిలకు శుక్రవారమే పెద్ద ప్రార్థన రోజు!) మా ఇంట్లో దీపం పెట్టుకుంటాం, ఆయన ఇంట్లో బైబిల్ చదువుకుంటారు. టీ దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మతం.

ఈమధ్య ఆయన్ని అడిగాను. "పాస్టర్ గారూ, కష్టం వచ్చినవాళ్లు మిమ్మల్ని ఎక్కువగా ఏమడుగుతారు?"

"ఎందుకు అని అడుగుతారండీ. 2020లో ఊళ్లో తండ్రి పోయాడు, విమానాలు లేవు, ఆ కుర్రాడు ఫోన్‌లో అంత్యక్రియలు చూశాడు. 'దేవుడు నాకే ఎందుకిలా చేశాడు' అన్నాడు. 2024 ఏప్రిల్ 16న వాన కురిసింది చూడండి, ఒకాయన కొత్తగా పెట్టుకున్న చిన్న షాపు మునిగిపోయింది. ఆయనా అదే అడిగాడు."

"మీరేం చెబుతారు?"

"నాకు తెలియదని చెబుతాను. తెలిసినట్టు మాట్లాడితే, దెబ్బ తగిలినవాడికి అది ఇంకో దెబ్బ. పక్కన కూర్చుంటాను. కాగితాలేమైనా కావాలంటే తిరుగుతాను. ప్రార్థన చెయ్యమంటే చేస్తాను. మా ఒంగోలు క్లౌ దొర గారు చేసింది అంతేగా!"

ఆ పేరు నేను సరిగ్గా వినలేదు. ఆయన చెప్పినదీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి మీకు చెబుతాను. ఇది మన నేల మీద జరిగిన కథ.

జాన్ ఎవరెట్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. పాస్టర్ కాకముందు అమెరికాలో భూములు సర్వే చేసేవారు. ఆ విద్య పదేళ్ల తర్వాత ఇలా అక్కరకొస్తుందని ఆయన అనుకుని ఉండరు. 1876లో వానలు లేవు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కనుక మన పెద్దవాళ్లు దాన్ని ధాత కరువు అన్నారు. 1878 దాకా సాగిన ఆ కరువులో దక్షిణ భారతంలో లక్షల మంది పోయారు.

అప్పుడు మద్రాసు ప్రభుత్వం కరువు పనుల కింద తీరం వెంట పడవల కాలువ తవ్విస్తోంది. అదే మన బకింగ్‌హాం కాలువ. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరే దానికి పెట్టారు. క్లౌ గారు అందులో సుమారు మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఒక పాస్టర్ మట్టిపని కాంట్రాక్టరయ్యారన్నమాట! కొలతలు తెలిసిన మనిషి కాబట్టి పని నడిపించగలిగారు. ఆయన దగ్గరున్న తెలుగు బోధకులు మేస్త్రీలయ్యారు. పగలు తట్టలు లెక్కపెట్టేవారు, పని ఆగినప్పుడు కూలీల మధ్య కూర్చుని ధైర్యం చెప్పేవారు. అలిసిపోయి బరువు మోసేవారిని తన దగ్గరికి రమ్మన్న యేసు మాట వాళ్లకు బాగా నచ్చేదట. నెత్తిన మట్టితట్ట ఉన్నవాడికి ఆ మాట విడమర్చి చెప్పాల్సిన అవసరం ఏముంటుంది?

ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. పని దొరికిన జనం చాలామంది 'మేమూ మీ మతంలో చేరతాం' అన్నారు. ఆయన వద్దన్నారు. కరువు సాగినంత కాలం, దాదాపు పదిహేను నెలలు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆకలితో ఉన్నవాడి 'సరే' అనే మాటకు విలువ కట్టలేమని ఆయనకు తెలుసు. కూలి కూలే, విశ్వాసం విశ్వాసమే.

వానలు పడ్డాయి, పనులు ముగిశాయి. ఇక ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇదంతా కరువు వల్లేనని కొందరు అంటారు. కానీ అంతకు పదేళ్ల ముందే తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు ఊరూరా తిరిగి చెప్పారు. ఊరి చివర బతికిన మాదిగ కుటుంబాలకు తమని మనుషులుగా చూసే చోటు కావాలన్న తపన కరువుకన్నా పాతది.

కథ అక్కడితో అయిపోలేదు. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. సునామీ వచ్చింది. ఆంధ్ర తీరంలో వంద మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు పరిశీలించి రాసినదేమిటంటే, పెదగంజాం నుంచి చెన్నై దాకా సుమారు 310 కిలోమీటర్ల మేర బకింగ్‌హాం కాలువ ఆ అలకు అడ్డు నిలిచింది. సముద్రపు నీరు కాలువలో నిండి, కాసేపటికి వెనక్కి పోయింది. కాలువ అవతల ఉన్న చాలామంది ప్రాణాలు దక్కాయి.

1877లో తట్ట మోసిన తల్లికి కావలసింది ఆ పూట గంజి. నూట పాతికేళ్ల తర్వాత రాబోయే అల సంగతి ఆమెకు తెలియదు, క్లౌ దొరకూ తెలియదు. అంత పొడవు కాలువలో వాళ్ల ముక్క చాలా చిన్నది. అయినా ఎవరి ముక్క వాళ్లు తవ్వారు.

ఇలా చెప్పి, "చూశారా, కరువు కూడా మంచికే వచ్చింది" అంటే మాత్రం నేను ఒప్పుకోను. పాస్టర్ గారూ ఒప్పుకోరు. చనిపోయిన లక్షల మందికి అది మంచి కాదు. కష్టం మంచిది కాకపోయినా, కష్టంలో చేసిన మంచి పని మిగిలిపోతుంది. నాకు అర్థమైనంతలో విశ్వాసమంటే ఇదే. మన మెదక్ చర్చి కథా ఇలాంటిదే. 1924 క్రిస్మస్ రోజున ప్రారంభమైన ఆ గుడిని పాస్నెట్ గారు కట్టించింది కరువులో జనానికి పనీ అన్నమూ దొరకాలనే.

మనకూ ఇందులో నేర్చుకోవలసింది ఉంది. 2024లో అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో ఒక్కరోజు లోపే 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టిన తర్వాత ఈ దేశంలో అంత వాన లేదు. ఆ వారం మనవాళ్లు పులిహోర పొట్లాలు కట్టి పంచారు. తీసుకున్నవాడి మతం, జిల్లా, కులం ఎవరూ అడగలేదు. అదే పద్ధతి మామూలు రోజుల్లోనూ ఉంటే చాలు. క్యాంపులో ఒక అన్నకు ఇంటి నుంచి చెడ్డ కబురు వస్తే, "అంతా మన మంచికే" అని చెప్పి తప్పుకోకండి. టికెట్ సంగతి చూడండి, కంపెనీ వాళ్లతో మాట్లాడటానికి తోడు వెళ్లండి. సాయం చేశాక మన సంఘంలో చేరమనీ, మన గుడికి రమ్మనీ మొహమాట పెట్టకండి. అతను తేరుకున్నాక తనంతట తనే వస్తే, అప్పుడు చూద్దాం.

పిల్లలకు ఈసారి పని: అమ్మానాన్నల దగ్గర కూర్చుని ఆంధ్ర తీరం మ్యాప్ తెరవండి. పెదగంజాం కనుక్కోండి. అక్కడి నుంచి సముద్రం పక్కనే సన్నగా దక్షిణానికి పోయే నీలిగీత మీద వేలు పెట్టి చెన్నై దాకా నడిపించండి. దారిలో ఎన్ని ఊళ్లు తగిలాయో రాసి పంపండి. ఆ ఊళ్లలో మీ అమ్మమ్మ వాళ్లదో, తాతయ్య వాళ్లదో ఉంటే ఫోన్ చేసి, ఆ కాలువ గురించి వాళ్లకేం గుర్తుందో అడగండి.

వచ్చే సంచికలో మళ్లీ కలుద్దాం. అందరూ చల్లగా ఉండండి.