వేడెక్కే ల్యాప్‌టాప్‌లు

ఈ నెల ముఖ్య వ్యాసం లినక్స్ ల్యాప్‌టాప్‌ల వేడి గురించి. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపులకు చేరగానే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. చిప్ కాలిపోదు, కానీ పని నత్తనడక నడుస్తుంది.

చాలామంది ముందు ఫ్యాన్‌నే అనుమానిస్తారు. దుమ్ము దులపాల్సిందే. అసలు కీలకం మాత్రం వోల్టేజిలో ఉంది. చిప్ తినే విద్యుత్తు ఫ్రీక్వెన్సీతోనూ, వోల్టేజి వర్గంతోనూ పెరుగుతుంది. టర్బో వేగానికి వోల్టేజి కూడా పెరగాలి కాబట్టి, ఆ చివరి కాస్త వేగం కోసం భరించే వేడి చాలా ఎక్కువ. ఇంటెల్ యంత్రాల్లో ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్ కింద ఉండే నో టర్బో ఫైల్‌లో 1 రాస్తే టర్బో ఆగిపోతుంది. రీబూట్ చేస్తే మామూలే, కనుక నిర్భయంగా ప్రయత్నించండి. వేసవికి ఇంతకన్నా సులువైన ఉపాయం నాకు తెలియదు.

ఆపైన థర్మల్‌డీ ఉంది. ఇంటెల్ రూపొందించిన ఈ ప్రోగ్రాం వేడి హద్దు దాటకముందే ప్రాసెసర్‌కు పగ్గం వేస్తుంది. విద్యుత్ పొదుపు కోసం టీఎల్‌పీ అనే ప్రోగ్రాం వాడేవారు, అదే పని చేసే పవర్ ప్రొఫైల్స్ డీమన్‌ను తీసేయాలి. లేదంటే రెండూ ఒకే సెట్టింగులను చెరోవైపు లాగుతాయి.

ఏ మార్పు చేసినా ముందూ తర్వాతా సెన్సర్స్ కమాండ్‌తో ఉష్ణోగ్రత చూసి రాసుకోండి. ఆ అంకెలు మాకూ పంపండి.

- సంపాదకుడు